రెండో షెడ్యూల్ పురుగుగారు

సికింద్రాబాద్‌లో కుందేలంటే పెంపుడు జంతువుల దుకాణంలో క్యారెట్ కొరికే ఎర్రకళ్ల తెల్లపిల్ల. దాని తాతముత్తాతలది యూరప్. మన అడవి కుందేలు, అంటే చెవులపిల్లి, దానికి దూరపు చుట్టం. మట్టిరంగు ఒళ్లు, మెడ వెనక నల్లమచ్చ. బొరియ తవ్వదు. గడ్డిలోనే ఈనుతుంది, పిల్లలు బొచ్చుతో, కళ్లు తెరుచుకునే పుడతాయి. ఇన్ని తెలివితేటలున్నా శాస్త్రజ్ఞులు చాలాకాలం దాన్ని ఎలుకల జాబితాలోనే రాశారు. నిజానికి కుందేలు పైపళ్ల వెనక ఇంకో జత చిన్నపళ్లు దాక్కుని ఉంటాయి. అవి ఎలుకకు ఉండవు. 1912లో గిడ్లీ అనే అమెరికన్ గట్టిగా వాదించాక గానీ కుందేలుకు సొంత గడప దక్కలేదు.

పెంకుపురుగుల దగ్గర ఆ తగాదా లేదు. ముందు రెక్కలు డొప్పల్లా గట్టిపడితే చాలు, కులంలో చేర్చేసుకుంటారు. పేడపురుగు, మిణుగురు, పిల్లలు అగ్గిపెట్టెలో దాచుకునే జీరంగి అంతా ఒకే గోత్రం. ఇప్పటికి పేర్లు పెట్టినవే దాదాపు నాలుగు లక్షల జాతులు.

ఇక రక్షణ. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్టు, 1972 నాటి వన్యప్రాణి చట్టం నిన్నమొన్నటిదాకా తన కుందేలుకు తక్కువ రక్షణ ఉండే నాలుగో షెడ్యూలే అంది. మరి రెండో షెడ్యూల్లో నక్క, అడవిపిల్లి సరసన ఎవరు? కుకుజస్ బైకలర్ లాంటి కొన్ని పెంకుపురుగులు! గుమాస్తా కుందేలు, గెజిటెడ్ పురుగు. 2022 సవరణతో ఆరు షెడ్యూళ్లు నాలుగయ్యాయి, 2023 ఏప్రిల్ 1 నుంచి కుందేలుకూ రెండో షెడ్యూల్ ప్రమోషన్ వచ్చింది. పాపం, అది చదువుకోలేదు గనక ఇప్పటికీ కుక్కను చూస్తే పరుగే.

కాగితం మీద హోదా వేరు, జనంలో పలుకుబడి వేరు. 2025లో హైదరాబాద్‌లోని కంచ గచ్చిబౌలి నాలుగువందల ఎకరాల్లో బుల్డోజర్లు దిగినప్పుడు ప్రతి ఫోన్లోనూ జింకలు, నెమళ్లే. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమంది. ఆ పొదల కింద పేడను మట్టిలో కలిపి నేలకు సారం పెట్టే పురుగు కోసం ఒక్కరూ కొవ్వొత్తి వెలిగించలేదు. వెలిగిస్తే అదే వచ్చి అందులో పడేదేమో.

తొలకరి కురిసిన రాత్రి మారేడ్‌పల్లి వీధిదీపాల కింద పెంకుపురుగులు రాలిపడతాయి. తెల్లారితే చీపురు. ఆ కుప్పలో హోదా గలవారెవరో తేల్చాలంటే అటవీశాఖ వారు ముందు ఊడ్చేవాళ్లకు భూతద్దాలు మంజూరు చేయాలి. ఫైలు కదిలేలోపు చెత్తబండి వచ్చేస్తుంది.