రాణిగారు దిగిన రేవు

నన్ను స్టాట్ లుట్సెర్న్ అంటారు, అంటే లూసెర్న్ నగరమని. స్విట్జర్లాండులోని లూసెర్న్ సరస్సు కోసం కట్టిన ఆవిరి పడవల్లో ఆఖరుదాన్ని, 1928 నాటిదాన్ని. ఇరుపక్కలా తెడ్ల చక్రాలు. నడిమి డెక్కు మీద కమ్మీ పట్టుకుని కిందికి వంగితే ఇంజను కనిపిస్తుంది. ఉక్కు చేతులు లేచి పడుతుంటాయి, వేడి నూనె వాసన ముక్కుకు తగులుతుంది. మంచుకొండలు చూద్దామని ఎక్కి, అక్కడే నిలబడిపోయేవాళ్లంటే నాకు ముద్దు.

ఈ నీళ్లకు రాచరికం కొత్త కాదు. 1868లో విక్టోరియా రాణి కెంట్ కౌంటెస్ అని మారుపేరు పెట్టుకుని ఇక్కడ విడిది చేసింది. రిగి కొండకు అప్పటికి రైలు లేదు, గుర్రం మీదే ఎక్కింది. 1935 ఆగస్టులో బెల్జియం రాణి ఆస్ట్రిడ్ ఈ ఒడ్డునే, క్యుస్నాఖ్ట్ దగ్గర కారు ప్రమాదంలో పోయింది. నడుపుతున్నది రాజుగారే. ఆ ఊసు ఇక వద్దు.

నేను మోసిన బరువు చెప్పాలంటే 1940 జులై 25 చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధం, ఫ్రాన్సు పడిపోయింది, చుట్టూ శత్రువు. స్విస్ సైన్యాధిపతి జనరల్ గీజాన్ తన సేనాధికారుల్ని నా మీద ఎక్కించుకుని ఒడ్డునున్న రుట్లీ పచ్చికకు తీసుకెళ్లాడు. ఒక్క బాంబు పడి ఉంటే సైన్యం తల మొత్తం నాతోపాటే మునిగేది. రుట్లీయే ఎందుకంటే, 1291లో మూడు లోయలవాళ్లు హాబ్స్‌బర్గు ఏలికల పెత్తనం ఒప్పుకునేది లేదని ఒట్టేసుకున్నది అక్కడేనని కథ. రుట్లీకి మోటారు దారి లేదు. పడవెక్కాలి, లేదా నడవాలి.

సరిగ్గా ఆ రుట్లీ రేవుకే 1980 వసంతంలో ఎలిజబెత్ రాణిని తీసుకెళ్లాను, విక్టోరియా మునిమనవడి కూతుర్ని. బ్రిటన్ గద్దె మీదున్నవాళ్లు స్విట్జర్లాండుకు అధికార పర్యటనగా రావడం అదే మొదలు. అప్పటికి ఆమె 1952 నుంచీ రాణిగా ఉంది. ఆతిథ్యమిచ్చిన దేశంలో అధ్యక్షుడు ఏటా మారతాడు. ఏలికలు వద్దన్న పచ్చిక మీద ఏలిక అతిథిగా అడుగుపెట్టింది, ఎవరూ నొచ్చుకోలేదు. దౌత్యమంటే బల్లల చుట్టూ మాటలేనని నేననుకోను. ఎదుటివాడి గడ్డమీదికి వెళ్లి, వాడి కథ మౌనంగా వినడం కూడా దౌత్యమే.

లూసెర్న్ స్టేషన్ దిగితే ఎదురుగానే నా రేవు. మీరొచ్చినా రుట్లీలో దింపేది రాణిగారు దిగిన చోటే.