కాజీపేటలో కూచుని యూరప్‌ను కాపాడేవాళ్ళు

యూరప్ మునిగిపోయిందన్న సంగతి యూరప్‌కన్నా ముందు కాజీపేట చౌరస్తాకు తెలిసింది. పొద్దున్నే టీకొట్టు దగ్గర నిలబడితే చాలు, స్వీడన్ ఎంతలోతు మునిగింది, ఫ్రాన్స్‌కు ఇంకెన్నేళ్ళ ఆయుష్షుంది, లండన్‌లో ఏయే వీధులు చేజారాయి, అన్నీ పూసగుచ్చినట్టు చెప్తారు. చెప్పేవాళ్ళలో రిటైరైనవాళ్ళే ఎక్కువ. పెన్షన్ ఒకటో తారీఖుకు పడిపోతుంది కాబట్టి నాగరికతల భవిష్యత్తు గురించి బెంగపడే తీరిక వాళ్ళకుంది.

"ఎవణ్ణి పడితే వాణ్ణి రానిచ్చిన్రు తమ్మీ, ఇప్పుడు అనుభవిస్తున్నరు. పోయినోడు పోయిన కాడ కలిసిపోవాలె. నా పండుగే చేస్త, నా తిండే తింట అంటే ఎట్ల నడుస్తది?" అంటాడు ఒకాయన. తీర్పు చెప్పి ఊరుకోడు, ఫోన్ తీసి వీడియో చూపిస్తాడు. మ్యూనిక్‌లో కొడుకూ కోడలూ బతుకమ్మ ఆడుతున్నారు. తంగేడు దొరకలేదట, కాగితం పూలతో పేర్చారు. "సూడు, గంత దూరం పోయినా మన సంస్కృతి ఇడ్వలేదు" అంటుంటే ఆయన కళ్ళు చెమరుస్తాయి. మొదటి మాటకూ రెండో మాటకూ మధ్య టీ చల్లారేంత వ్యవధి కూడా లేదు.

పాపం, ఆయనకు పెద్దపెద్దవాళ్ళ మద్దతే ఉంది. 2010 అక్టోబరులో జర్మనీ ఛాన్సలర్ ఆంగెలా మెర్కెల్ పాట్స్‌డామ్ సభలో బహుళ సంస్కృతి పూర్తిగా విఫలమైందని ప్రకటించారు. 2011 ఫిబ్రవరిలో బ్రిటన్ ప్రధాని కామెరాన్ అదే రాగం అందుకున్నారు, ఆ నెలలోనే ఫ్రాన్స్ అధ్యక్షుడు సర్కోజీ కోరస్ పాడారు. 1961లో టర్కీతో ఒప్పందం రాసుకుని కూలీలను పిలిపించుకుంది జర్మనీయే. రెండేళ్ళు పనిచేసి వెళ్ళిపోతారనుకున్నారు. వాళ్ళేమో పెళ్ళిళ్ళు చేసుకున్నారు, పిల్లల్ని కన్నారు, దుకాణాలు పెట్టారు. ఫ్యాక్టరీకి చేతులు కావాలంటే వాటి వెంట కడుపూ దేవుడూ కూడా వస్తాయన్న లెక్క ఇంజనీర్ల దేశానికి తట్టలేదు.

ఒక్కో దేశానిది ఒక్కో వింత. స్విట్జర్లాండ్ మొత్తంలో నాలుగంటే నాలుగు మినార్లుంటే, ఐదోది లేవకుండా 2009 నవంబరులో ప్రజాభిప్రాయ సేకరణ పెట్టి, 57.5 శాతం ఓట్లతో రాజ్యాంగాన్నే సవరించుకున్నారు. ఇటలీలో లుక్కా పట్టణం అదే ఏడు పాతబస్తీలో కొత్తగా విదేశీ వంటల హోటళ్ళు పెట్టొద్దంది. ఇటలీ సంప్రదాయ వంటలో ఊరేగే టమాటా అమెరికా నుంచి ఓడెక్కి వచ్చిందని ఎవరూ గుర్తుచేసినట్టు లేదు. డెన్మార్క్‌లో రాండర్స్ అనే ఊరి పురపాలకులు 2016లో ప్రభుత్వ సంస్థల వంటల్లో పందిమాంసం ఉండితీరాలని తీర్మానం చేశారు. నాగరికతను రక్షించే బాధ్యత చివరికి పంది మీద పడింది.

జర్మనీ పౌరసత్వానికి ఒక పరీక్ష ఉంది. 33 ప్రశ్నలు, 17 సరిగ్గా రాస్తే పాసు. ప్రశ్నల పట్టిక ముందే బయటపెడతారు, బట్టీ పట్టుకోవచ్చు. మన పిల్లలకు బట్టీ ఒక లెక్కా? మా చౌరస్తాకు ఈ పరీక్ష మహా నచ్చింది. "గట్లుండాలె" అన్నారు. కాజీపేటలో ఇంతకన్నా కఠినమైన పరీక్ష ఎప్పట్నుంచో నడుస్తోంది. దాని సంగతికొస్తాను.

ముందు ఊరి సంగతి. కలిస్తే చెడిపోతారన్న సిద్ధాంతాన్ని ఉపన్యసించడానికి ఇంతకన్నా పనికిరాని చోటు తెలంగాణలో లేదు. ఒక పక్క బియాబానీ దర్గా. ఉర్సుకు వచ్చేవాళ్ళలో తురకలెవరో హిందువులెవరో మొక్కులను బట్టి పోల్చలేం. అందరివీ అవే పిల్లలు, పెళ్ళిళ్ళు, ఉద్యోగాలు. ఇంకో పక్క ఫాతిమానగర్. 1917లో మేరీమాత దర్శనమిచ్చిందని చెప్పే పోర్చుగల్ పల్లె పేరది. ఆ పల్లెకేమో ఆ పేరు అరబ్బుల కాలం నుంచి వచ్చింది. అరబ్బుల పేరు పోర్చుగల్ మీదుగా కాజీ పేరున్న ఊళ్ళో దిగి షేర్ ఆటో స్టాపు అయింది. "ఫాతిమా, ఫాతిమా" అని అరిచే ఆటో అన్నకు ఈ నాగరికతల సంఘర్షణ ఏదీ తెలీదు. ఇంకొక్కరు ఎక్కితే బండి కదిలిస్తాడు.

ఇక ఇడ్లీ. 1952లో పక్కనే ఉన్న వరంగల్‌లో ముల్కీ ఉద్యమం రాజుకుంది. స్థానికుల కొలువులు బయటివాళ్ళు ఎత్తుకుపోతున్నారన్న కోపం అది, న్యాయమైన కోపమే. ఆ కోపంలోంచి పుట్టిన నినాదాల్లో ఒకటి "ఇడ్లీ సాంబార్ గో బ్యాక్". ఇవాళ కాజీపేటలో ఏ సందులో చూసినా ఇడ్లీబండి. ముల్కీ పోరాటం గొప్పదని చెప్పే పెద్దమనిషి, చెప్తూ చెప్తూ, "ఇంకో రెండెయ్యి, సాంబార్ వేరే గిన్నెల పొయ్యి" అంటాడు. కొలువుల కొట్లాట దశాబ్దాలు నడిచింది, ఇడ్లీ మాత్రం ఆ వారంలోనే గెలిచి ఉంటుంది.

నేను మతసామరస్య ఉపన్యాసకుణ్ణి కాదు. ఉర్సు నాడు కెమెరా చూసుకుని తలమీద చాదర్ పెట్టుకునే నాయకులు, గంగా-జమునా అంటూ మైకులో తేనె ఒలికించే వక్తలు మనకు దండిగా ఉన్నారు. వాళ్ళు చెప్పేంత ప్రేమేమీ లేదిక్కడ. కాజీపేటను కలిపింది ప్రేమ కాదు, రైల్వే రిజిస్టరు.

1929లో బల్లార్షా లైను పూర్తయి మద్రాసుకూ ఢిల్లీకీ నేరుగా దారి పడ్డాక ఈ జంక్షన్‌కు మనుషులు కావాల్సి వచ్చారు. అరవలు, మలయాళీలు, బెంగాలీలు, బిహారీలు, ఆంగ్లో-ఇండియన్ డ్రైవర్లు, చుట్టుపక్కల పల్లెల నుంచి గ్యాంగ్‌మన్లు. రైల్వే క్వార్టరు ఇచ్చేటప్పుడు ఇంటిపేరు అడగరు. ఉద్యోగం ఏ గ్రేడు, దరఖాస్తు ఏ తేదీన పెట్టావు, రిజిస్టరులో నీ వరస ఎంత, అంతే. ఆ వరస ప్రకారం గోడకు ఈ పక్క అయ్యర్ గారు, ఆ పక్క మాదిగవాడ నుంచి వచ్చిన ఫిట్టరు. ఒకింట్లో ఎండుచేపలు వేగుతుంటే, పక్కింట్లో ఇంగువ తాలింపు. కిటికీలు మూసుకుంటే ఉక్క. అందుకని ముక్కులే అలవాటు పడ్డాయి. రాత్రి డ్యూటీకి పోయే మనిషి భార్యాపిల్లల్ని పక్కింటివాళ్ళ భరోసా మీద వదిలి వెళ్ళాల్సిందే. ఎవరి ఇష్టాయిష్టాలూ అడగలేదు గనక కలిశారు. అడిగి ఉంటే ఒక్కడూ కలిసేవాడు కాదు.

రుజువు కావాలంటే రిటైర్మెంటు దాకా ఆగండి. ముప్పై అయిదేళ్ళు ఆ గోడ పంచుకున్న మనిషి, వచ్చిన డబ్బుతో సొంతిల్లు కట్టుకుని, గేటుకు మొదట వేలాడదీసేది ఈ బోర్డు: "టు-లెట్. టూ బీహెచ్‌కే, బోర్ వాటర్. ఓన్లీ ఫ్యామిలీ. ఓన్లీ వెజిటేరియన్." 2014 నాటి కేంద్రం సర్వేలో మాంసం తినేవాళ్ళు 98 శాతానికి పైగా తేలిన రాష్ట్రంలో ఈ బోర్డు! ఆదివారం పొద్దున మటన్ కొట్టు దగ్గర "బోటీ కూడా తూకమెయ్యి" అంటూ వరసలో ముందుండేదీ ఈ ఓనరే. బోర్డు అద్దెకొచ్చేవాడి కంచం కోసం కాదు, ఇంటిపేరు కోసం. గేటు దగ్గర పరీక్ష ఇలా సాగుతుంది:

"నమస్తే సార్, పోర్షన్ ఖాళీ ఉందట."

"రాండ్రి, రాండ్రి. ఏం చేస్తరు మీరు?"

"లోకోషెడ్ల టెక్నీషియన్ సార్."

"మంచిది, సెంట్రల్ గవర్నమెంటు. ఇంటిపేరేంది?"

చెప్పాడు.

"ఆఁ... మా బామ్మర్ది కొడుకు వస్త అంటున్నడు. వాడు రాకుంటే చూద్దాం. నంబర్ ఇచ్చి పో."

జర్మనీవాడు 33 ప్రశ్నలు అడిగి దాదాపు సగం తప్పు రాసినా పాస్ చేస్తాడు. మా పరీక్షలో ప్రశ్న ఒక్కటే, జవాబు పుట్టకముందే రాసేసి ఉంటుంది.

ఈ సామానును మనవాళ్ళు విమానంలో కూడా జాగ్రత్తగా తీసుకుపోయారు. బ్రిటన్ 2010లో సమానత్వ చట్టం చేసింది. కులవివక్షను కూడా అందులో చేర్చాలని 2013లో పార్లమెంటు ఆదేశించింది. హిందూ సంఘాలు కొన్ని గట్టిగా అడ్డుపడ్డాయి, 2018లో ప్రభుత్వం వెనక్కి తగ్గింది. వలసొచ్చినవాళ్ళు సంస్కృతిని కాపాడుకోవడమంటే అదీ!

2025 సెప్టెంబరు 13న బ్రిటన్ తీవ్ర జాతీయవాది టామీ రాబిన్సన్ పిలుపు మీద వలసలకు వ్యతిరేకంగా లండన్‌లో లక్ష మందికి పైగా కదిలారు. చౌరస్తా వాట్సాప్ గ్రూపులో ఆ వీడియోలకు చప్పట్ల బొమ్మలు కురిశాయి. దానికి ఆరు వారాల ముందే, ఐర్లాండ్‌లో మనవాళ్ళ మీద వరసగా దాడులు జరిగి, నిర్మానుష్యమైన చోట్లకు వేళకాని వేళ వెళ్ళొద్దని డబ్లిన్‌లోని మన రాయబార కార్యాలయం హెచ్చరిక జారీచేసింది. ఆ కబురు గ్రూపులో పెడితే ఒకాయన తేల్చేశాడు: "అది మన గురించి కాదన్నా, మనం లీగల్ కదా." నిజమే. చీకట్లో తన్నేవాడు ముందు వీసా చూపించమని అడుగుతాడు. వీసా కోసం బ్యాంకులో డబ్బు వేసిన రసీదు చూసి, క్షమించండి అని పక్కకు తప్పుకుంటాడు. చప్పట్లు కొట్టిన చేతులతోనే విదేశంలో ఉన్న కూతురికి ఫోన్ చేశాడాయన: "బిడ్డా, రెండ్రోజులు బయటికి పోకు."

ఇంకొక ముక్క. ఇంగ్లండ్‌లో కెంట్ ప్రాంతపు ఫెర్గస్ విల్సన్ వందలాది ఇళ్ళ ఓనరు. కూరవాసన కార్పెట్లకు పట్టేస్తుంది, రంగు చర్మంవాళ్ళకు ఇళ్ళివ్వొద్దు అని ఏజెంట్లకు చెప్పాడు. అక్కడి సమానత్వ కమిషన్ కోర్టుకు ఈడ్చింది. 2017 నవంబరులో కోర్టు ఆ షరతు చట్టవిరుద్ధమని తేల్చింది. ఇది వినగానే మా చౌరస్తా భగ్గుమంది. మన కూరను అంత మాటంటాడా! కోర్టు బుద్ధి చెప్పినందుకు టీ మీద టీ తెప్పించుకున్నారు. మన రాజ్యాంగం పదిహేనో అధికరణ కూడా దుకాణాలు, హోటళ్ళు, బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు అంటూ ఎవర్నీ ఆపకూడని చోట్ల జాబితా ఇచ్చింది. మేడమీద పోర్షన్ అందులో లేదు. ఓనరుగారు ఆ ధీమాతోనే ఉన్నారు. మ్యూనిక్ నుంచి యూరోలు వస్తున్నాయి, రెండో అంతస్తు స్లాబు పడింది, బోర్డు రాసే పెయింటరుకు అడ్వాన్సు కూడా ఇచ్చేశారు.