రాముడూ భీముడే

నాలుగు రోజులుగా నా ప్రోగ్రాములో రాముడూ భీముడే, భీముడూ భీముడే. 1964 నాటి ‘రాముడు భీముడు’లో రామారావు గారు ఒక్కరే ఇద్దరయ్యారు. నేను సీ భాషలో ఇద్దర్ని ఒక్కణ్ణి చేశాను, అదీ ట్రిక్ ఫొటోగ్రఫీ లేకుండా.

టెస్టింగ్‌కని రాముడు, భీముడు అని రెండు అకౌంట్లు పెట్టి, పేరిస్తే ఆ యూజర్ రికార్డు వెతికిచ్చే గెట్‌పీడబ్ల్యూనామ్ అనే ఫంక్షన్‌ని రెండుసార్లు పిలిచాను. ఇచ్చిన పాయింటర్లు భద్రంగా దాచుకుని ఆఖర్న ప్రింట్ చేశాను. తీరా చూస్తే దాని దగ్గరున్నది ఒకటే పీట! రెండోవాడు రాగానే మొదటివాణ్ణి లేపేసి వీణ్ణి కూర్చోబెడుతుంది. మాన్యువల్లో ఈ ముక్క ఉంది, బాగా కింద. పేరు చివర నామ్ ఎందుకుందో అప్పుడర్థమైంది, నాకు పెట్టడానికి.

ఆ రికార్డులో పాస్‌వర్డ్ గడి ఉంటుంది, అందులో పాస్‌వర్డ్ ఉండదు. ఒక ఎక్స్ ఉంటుంది, అసలుది షాడో ఫైల్లో. అది సరే, గెకోస్ అనే గడి ఏమిటి? 1960లలో జనరల్ ఎలక్ట్రిక్ వారి ఆపరేటింగ్ సిస్టమ్ పేరది. బెల్ ల్యాబ్స్‌లో తొలినాటి యూనిక్స్ వాళ్లు ప్రింటింగ్ పనులు ఆ మెషీన్‌కి పంపేవారు, అక్కడి గుర్తింపు వివరాలు ఈ గడిలో దాచేవారు. తర్వాత ఆ కంప్యూటర్ల వ్యాపారం హనీవెల్ చేతికెళ్లింది. అత్తారింట్లో పేరులోంచి ‘ఈ’ తీసేసి జీకాస్ అన్నారు. మన రికార్డులో మాత్రం ఇప్పటికీ పుట్టింటి పేరే. మా ఇంట్లో రేడియో పోయి ముప్ఫై ఏళ్లయినా దాన్ని రేడియో గదే అంటాం, అందులో బియ్యం బస్తాలుంటాయి. గెకోస్‌లోనూ అంతే, ఇప్పుడు మనిషి పూర్తి పేరు, గది నంబరు, ఫోన్ నంబరు పెడతారు.

ఇక అడిగిన మనిషి లేకపోతే గెట్‌పీడబ్ల్యూనామ్ నల్ ఇస్తుంది. వెతకడం చేతకాకపోయినా నల్లే ఇస్తుంది. తేడా తెలియాలంటే ముందే ఎర్‌నో అనే ఎర్రర్ నంబరుని మనమే సున్నా చేసి పెట్టుకోవాలట. ఇంటికొచ్చిన చుట్టం ఉప్పు కూడా తెచ్చుకోవాలన్నట్టు!

ఈ చిరాకులోనే ఫైళ్ల వివరాలు చూద్దామని ఎల్ఎస్ మైనస్ ఎల్ కొట్టాను. ఒక డైరెక్టరీకి ఓనరు పేరున్నచోట 1017 అని ఉంది. పోయినేడు రిటైరైన మా సీనియర్ గారి యూజర్ నంబరు. అకౌంటు తీసేశారు కాబట్టి పేరు దొరకదు. ఆయన రాసిన ప్రోగ్రాములు మాత్రం రోజూ రాత్రి నడుస్తూనే ఉన్నాయి. నాకు పాయింటర్లు నేర్పింది ఆయనే.

ఆ నంబరు కొత్తవాళ్లెవరికీ ఇవ్వొద్దని అడ్మిన్‌కి చెప్పాను.

“ఎందుకు సార్?” అన్నాడు.

“ఇస్తే ఆ ఫైళ్లన్నీ వాళ్లవైపోతాయయ్యా” అని టెక్నికల్ కారణమే చెప్పాను.