బూటు తొడిగి టోపి పూన్చి: ఒక మంచుకాలపు చాటువుకు టీకా తాత్పర్యం

అవతారిక

ఈ చాటువు రాసిందెవరో ఇదమిత్థమని చెప్పలేం. తాళపత్రాల్లో దొరికింది కాదు, శిలాశాసనం అసలే కాదు. బఫెలో నగరాన్ని ఆనుకుని ఉన్న ఆమ్హెర్స్ట్‌లో, ఒక తెలుగువారింట, ఫ్రిజ్ తలుపు మీద వెంకన్నబాబు అయస్కాంతం కింద, ఇండియన్ స్టోర్ బిల్లు వెనకవైపు రాసి ఉంది. బిల్లు ముందువైపు ఇడ్లీ రవ్వ, కొత్తిమీర, గోంగూర కనిపిస్తున్నాయి కనుక చుట్టాలొచ్చిన రోజులవని తేలుతోంది. కవి ఆ ఇంటివాడు కాడు, వచ్చిన చుట్టమే. ఇంటివాడైతే బిడ్డ గురించి కాక, తెరిచిన తలుపులోంచి వీధిలోకి పోతున్న హీటర్ వేడి గురించి, నెలాఖరున రాబోయే గ్యాస్ బిల్లు గురించి రాసి ఉండేవాడు.

సందర్భం క్రిస్మస్ సెలవులు. తల్లికి ఆస్పత్రిలో డ్యూటీ పడింది. ఐదేళ్ళ పాపను వెంటబెట్టుకుని తండ్రి న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి పాప పెద్దమ్మగారింటికి వచ్చాడు. అంటే ఆ ఇంటావిడ అతనికి వదినగారు, ఇంటాయన తోడల్లుడు. ఈ చుట్టరికం పాఠకుడు మనసులో పెట్టుకోవాలి. అత్తవారి వైపు గడపలో నిలబడ్డ అల్లుడు గొంతు పెంచలేడు. పద్యంలో ఎక్కడా అరుపు వినిపించకపోవడానికి కారణం అదే. శాంతరసమని భ్రమపడ్డవాళ్ళు పొరబడ్డారు.

మూలంలో లేనిదీ, అక్కర్లేనిదీ రాయనని మల్లినాథసూరి ఒట్టు పెట్టుకున్నాడు. మెదక్ సీమవాడైన ఆ మహానుభావుడు ఐదేళ్ళ పిల్లకు స్నో ప్యాంటు తొడిగి ఎరగడు. కనుక ఆ ఒట్టు ఈ వ్యాఖ్యకు వర్తించదు.

మూలం

బూటు తొడిగి టోపి పూన్చి జిప్పును లాగి
గడప దాటబోవు గడియలోన
నాన్న! సుస్సు వచ్చె ననుచును బలికెడి
బిడ్డతోడి యాత్ర పెద్ద తపము

ప్రతిపదార్థం

బూటు = మడమ దగ్గర కుక్కితే గాని దిగనిదీ, కుడిఎడమలు ఎప్పుడూ తారుమారయ్యేదీ అయిన మంచు బూటును; తొడిగి = బిడ్డ తన జుట్టు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడగా, కింద కూచుని తొడిగి; టోపి = చెవులు కప్పే ఊలు టోపీని; పూన్చి = పెట్టి, పీకేస్తే మళ్ళీ పెట్టి; జిప్పును = గడ్డం కింద చర్మాన్ని కరవడానికి పొంచి ఉండే జిప్పును; లాగి = ఊపిరి బిగబట్టి పైకి లాగి; గడప = వదినగారు పసుపు రాసిన అల్యూమినియం గడపను; దాటబోవు = దాటడానికి కాలెత్తిన (దాటిన అని కాదు); గడియలోన = గడియలో (దీని మీద చర్చ దిగువన ఉంది); నాన్న = ఓ నాన్నా; సుస్సు వచ్చెన్ = స్పష్టం; అనుచును = ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి మారుతూ; పలికెడి = ఎక్కడా కంగారు లేకుండా చెప్పే; బిడ్డతోడి = బిడ్డతో కూడిన; యాత్ర = చుట్టాలింటి ప్రయాణం; పెద్ద తపము = గొప్ప తపస్సు అగును.

తాత్పర్యం

తెలుస్తూనే ఉంది.

విశేషాలు

ఆటవెలది. మొదటి పాదంలో బూ–పూ, నాలుగో పాదంలో బి–పె యతులు సలక్షణంగా పడ్డాయి. మోకాళ్ళ మీద కూచున్న మనిషికి ఇంత ఛందస్సు ఎలా కుదిరిందన్నది వేరే ఆశ్చర్యం.

ముందు బూటు, తరవాత టోపీ, ఆఖరున జిప్పు అని కవి చెప్పిన వరస తప్పని ఒక ఆక్షేపణ ఉంది. బూటు కన్నా ముందు స్నో ప్యాంటు ఎక్కాలి. ప్యాంటు లోపలి అంచు బూటు మీద కప్పకపోతే మంచు మేజోళ్ళలోకి దిగుతుంది. దీనికి మీమాంసకులు ఏనాడో జవాబు చెప్పారు. పాఠక్రమం కన్నా అర్థక్రమానిదే బలం. అగ్నిహోత్రం చేయాలి, జావ కాచాలి అని వేదంలో వరసగా ఉన్నా, హోమం చేసేది ఆ జావతోనే కనుక ముందు జావే కాచుకోవాలి. ఇక్కడా అంతే, స్నో ప్యాంటును జావలాగా ముందుకు తెచ్చుకోవాలి. చేతి తొడుగుల ఊసు పద్యంలో లేకపోవడానికి మాత్రం ఏ మీమాంసా అక్కర్లేదు. రెండోది దొరకలేదు.

మరి ఇంత కష్టపడి లాగిన జిప్పు కారు దాకా నిలుస్తుందా అంటే, నిలవదు. దూది కూరిన మందపాటి జాకెట్‌తో పిల్లల్ని కార్ సీటులో కట్టకూడదని అమెరికా శిశువైద్యులు గట్టిగా చెబుతారు. గుద్దుకున్నప్పుడు ఆ దూది అణిగిపోయి, బిగువుగా కట్టామనుకున్న పట్టీలు వదులైపోతాయి. కనుక గడప నుంచి కారు దాకా ఉన్న పదడుగుల కోసం వేసిన జాకెట్‌ను కారు తలుపు దగ్గర విప్పి, పట్టీలు బిగించి, దాన్నే దుప్పటిలా పైన కప్పాలి. పదడుగులే గదా, వేయకుండా ఎత్తుకుపోవచ్చు గదా అని అడిగేవాళ్ళు ఉంటారు. వాళ్ళు వదినగారి ముందు ఆ పని చేసి చూపించాలి.

‘వచ్చె’ అన్న భూతకాలాన్ని గమనించాలి. వస్తోంది అని ఉంటే తండ్రికి బేరమాడే వ్యవధి ఉండేది. వస్తుందేమో అని ఉంటే ఏకంగా కారెక్కించేసేవాడు. ‘వచ్చె’ అనడంతో అన్ని దారులూ మూసుకుపోయాయి. ఇక్కడ ‘నాన్న! పాటి వచ్చె’ అని ఒక పాఠాంతరం చెలామణీలో ఉంది. న్యూజెర్సీ బడికి వెళ్ళే పిల్ల ‘పాటీ’ అనే అంటుందని దాని సమర్థకుల వాదన. గణాలు సరిపోతాయి గాని, ఆ మాట ఇంట్లో ఉన్న అమ్మమ్మకు అర్థం కాదు. ఆపదలో ఉన్నవాళ్ళు ఎక్కువమందికి తెలిసిన మాటే వాడతారు కనుక ‘సుస్సు’ పాఠమే గ్రాహ్యం.

ఇక అసలు శంక. బయల్దేరే ముందు ‘బాత్రూంకి వెళ్తావా?’ అని తండ్రి అడగలేదా? అడిగాడు. ‘రావట్లేదు’ అంది. ఇది శబ్దప్రమాణం. ఇప్పుడే రావట్లేదంది కనుక కాసేపటి దాకా రాదని తండ్రి ఊహించాడు. ఇది అనుమానప్రమాణం. మూడోది ప్రత్యక్షం. దాని వివరాల్లోకి వెళ్ళకుండా బిడ్డను చంకనెత్తుకుని పరుగెత్తడమే మేలు. వైద్యం చదివినవాళ్ళు మరో కారణం చెబుతారు. చలికి చర్మం దగ్గరి రక్తనాళాలు ముడుచుకుంటే రక్తం లోపలికి చేరుతుంది, ఒంట్లో నీరు ఎక్కువైందని మూత్రపిండాలు అపోహపడి తోడెయ్యడం మొదలుపెడతాయి. శాస్త్రం నిజమే. కాని బిడ్డ ఇంకా గడప దాటనే లేదు. ఇంట్లో 72 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి, దాని పైన మూడు పొరల బట్టలు. చలి ఇక్కడ నిర్దోషి.

గడప అన్నాం గనక గడప ముందు సంగతి. ధనుర్మాసం నడుస్తోంది. వదినగారు తెల్లారగట్ల లేచి, తోడల్లుడు మెట్ల మీద చల్లిన ఉప్పును తప్పించుకుంటూ, వాకిట్లో గట్టిపడ్డ మంచు మీద బియ్యప్పిండితో ముగ్గు పెట్టారు. పదిహేను చుక్కల ముగ్గు. వంగి, మునివేళ్ళ మధ్యనుంచి పిండిని సన్నగా జారవిడుస్తూ, మెలిక మెలికకూ ఆగి చూసుకుంటూ పెట్టారు. లేచి నిలబడి చూస్తే ముగ్గు లేదు. పోలిక వల్ల ఒక వస్తువు ఇంకో వస్తువులో కలిసిపోయి వేరుగా కనిపించకపోతే దాన్ని మీలితాలంకారమంటారు. వెన్నెల్లో తెల్లచీరలు కట్టుకుని నడిచే అభిసారికల్ని ఉదాహరణగా చెప్పడం ఆలంకారికులకు రివాజు. వాళ్ళకు ఈ వాకిలి తెలియదు. మర్నాడు ఆవిడ పిండిలో పసుపు కలిపారు. మీలితం పోయి ముగ్గు మిగిలింది. మధ్యాహ్నానికి మళ్ళీ మంచు పడి అదీ పోయింది.

హిమాలయాన్ని వర్ణిస్తూ కాళిదాసు, అన్ని గుణాలున్న పర్వతానికి మంచు ఒక్కటే దోషమైనా అది వెన్నెల్లో చంద్రుడి మచ్చలా మునిగిపోతుందన్నాడు. ఆ మాట అన్నవాడు డ్రైవ్‌వేలో పార పట్టలేదని నా అభిప్రాయం. ఇంట్లో వెయ్యి గుణాలున్నా, రోడ్డు ఊడ్చే బండి వచ్చి, అప్పుడే తవ్వి శుభ్రం చేసిన డ్రైవ్‌వే మూతికి అడ్డంగా నడుమెత్తు గట్టు పోసి పోయిందంటే ఆ ఒక్క దోషంలో వెయ్యి గుణాలూ మునుగుతాయి. తోడల్లుడికి స్నో బ్లోవర్ ఉంది. ‘మీ వైపు ఇంత పడదు గదా’ అంటూ ఆయన దాన్ని మూడుసార్లు స్టార్ట్ చేసి చూపించాడు. కవి పారతోనే తవ్వాడు. తోడల్లుళ్ళ మధ్య యంత్రం అరువు తీసుకోవడం అంత తేలిక కాదు.

‘యాత్ర’. ఎడిసన్ నుంచి స్క్రాంటన్, బింగ్‌హామ్టన్, సిరక్యూస్‌ల మీదుగా సుమారు 400 మైళ్ళు. దూరం ఒక ఎత్తు, ఈరీ సరస్సు ఇంకో ఎత్తు. మహాసరస్సులు అయిదింటిలో లోతు తక్కువది ఇదే, సగటున 62 అడుగులు. చలికాలం మొదట్లో నీళ్ళలో ఇంకా వెచ్చదనం ఉంటుంది. పైనుంచి అతిశీతలమైన గాలి వీచినప్పుడు ఆ నీటి నుంచి తేమ పుచ్చుకుని, ఒడ్డు చేరగానే మంచుగా కుమ్మరిస్తుంది. అది ఊరంతా సమంగా పడదు, సన్నటి పట్టీలా పడుతుంది. పట్టీ కింద ఉన్నవాడికి ముందున్న కారు కనపడదు, పక్క ఊరివాడు ఎండలో నిలబడి ఫోన్‌లో ‘ఇక్కడేం లేదే’ అంటాడు. 2014 నవంబరులో బఫెలోకు దక్షిణాన ఉన్న ఊళ్ళు 5 అడుగులకు పైగా మంచులో కూరుకుపోతే నగరం ఉత్తరపు కొస కొద్ది అంగుళాలతో బయటపడింది. సరస్సు గడ్డకట్టాక తేమ అందక ఈ జోరు తగ్గుతుంది, కాని క్రిస్మస్‌కు అది సాధారణంగా గడ్డకట్టదు. 2022 క్రిస్మస్ తుఫాను ఆ ప్రాంతంలో 40 మందికి పైగా ప్రాణాలు తీసింది. కనుక దారి పొడుగునా వదినగారు చేసిన ఫోన్లను చాదస్తం కింద జమ కట్టకూడదు.

‘పెద్ద తపము’. పార్వతి ఎండాకాలం నాలుగు అగ్నుల నడుమ నిలిచి సూర్యుణ్ణి చూసింది, చలికాలపు రాత్రులు నీళ్ళలో నిలబడింది. చంకలో పిల్ల ఉందని మాత్రం కాళిదాసు ఎక్కడా చెప్పలేదు. కవి తన తపస్సును ‘పెద్ద’ అన్నది అందుకే, గర్వంతో కాదు.

ఇప్పుడు ‘గడియ’. క్షణంలో అనకుండా, నిమిషంలో అనకుండా, కవి గడియ అన్నాడు. యతికోసం అన్నాడని తేల్చేసినవాళ్ళున్నారు. గడియ అంటే తలుపు గొళ్ళెం అని ఇంకొందరు. వదినగారింట్లో ఉన్నది మీట నొక్కే తాళం, గొళ్ళెం లేదు. మన లెక్కలో రోజుకు అరవై గడియలు, గడియంటే 24 నిమిషాలు. కవి ఆ అర్థంలోనే, గడియారం చూసే రాశాడని ఈ వ్యాఖ్యాత సిద్ధాంతం. బిడ్డకు జిప్పు లాగింది మొదలు గడప దాటబోయే దాకా పట్టిన కాలం అది. ఆ 24 నిమిషాల్లో ఏం జరిగిందో చూడండి.

‘వెళ్ళొస్తాం వదినా’ అన్నాడు తండ్రి. ‘ఎల్లుండి వెళ్ళకూడదా మరిదిగారూ, రోడ్లు తెరిపిన పడతాయి’ అన్నారు వదినగారు. వద్దులెండి, తనకి రేపు సెలవు, అని ఇతను. అయితే ఉండండి అని ఆవిడ లోపలికెళ్ళి, పెరుగు డబ్బాలో గోంగూర పచ్చడి పెట్టి, మూతకు చుట్టూ టేపు వేసి తెచ్చారు. ‘ఇది నిలబెట్టే ఉంచండి, నూనె కారుతుంది.’ తరవాత సున్నుండలు. తరవాత చెల్లెలికని దాచిన చీర. చీర చూపించాక దాని ధర, ధర చెప్పాక హైదరాబాద్‌లో ఆ కొట్టు ఎక్కడుందో చెప్పాలి. తోడల్లుడు కారు అద్దాల మీద మంచు గీకి వచ్చి, చేతులు దులుపుకుంటూ, 81 మీద వెళ్తారా 390 మీద వెళ్తారా అని మొదలుపెట్టాడు. అమ్మమ్మ బొట్టు పెట్టడానికి కుంకుమభరిణె వెతుకుతోంది. వీళ్ళందరి నడుముల ఎత్తులో, మెడ దాకా జిప్పు లాగి, టోపీ కింద చెమట కారుతూ, ఒక మనిషి నిలబడి ఉంది. ఆవిడ మాట ఎవరూ అడగలేదు. జిప్పు లాగినప్పుడు ఆవిడ చెప్పింది నిజమే, అప్పుడు రాలేదు. గడియ తరవాత వచ్చింది. పెద్దవాళ్ళు జాకెట్లు చేతి మీద వేసుకుని మాట్లాడుకుంటారు, పిల్లలకు తొడిగేసి మాట్లాడుకుంటారు. తపోభంగానికి కారణం బిడ్డ కాదని కవికి తెలుసు. వదినగారి గోంగూర చేతిలో పట్టుకుని ఆ మాట పైకి అనలేక, గడియ అనే ఒక్క మాటలో దాచాడు.

కథ పద్యం తరవాత కొంచెం ఉంది. బూట్లు విప్పి, ప్యాంటు దింపి, పని ముగించి, తిరుగు వరసలో అన్నీ తొడిగి తండ్రీకూతుళ్ళు మళ్ళీ గడప దగ్గరికొచ్చారు. వదినగారు పాపకు ముద్దుపెట్టి, అటు తిరిగి, ‘మరి మీరు వెళ్ళొచ్చారా మరిదిగారూ? చాలా దూరం పోవాలి’ అన్నారు. ‘అక్కర్లేదు వదినా’ అన్నాడు. పాతిక మైళ్ళు పోయాక, పెంబ్రోక్ సర్వీస్ ఏరియాలో, కార్ సీటు పట్టీలు విప్పి, పాపకు జాకెట్ వేసి, జిప్పు లాగి, టోపీ పెట్టి లోపలికి తీసుకెళ్ళాల్సి వచ్చింది. పాపకు రాలేదు.