ఇంజను దీప పద్యమునకు టీకా తాత్పర్యము

ఆ.వె. గ్యాసు బండ పెట్టి కాసులు మిగులంగ
మురిసినట్టి వేళ మోమునందు
ఇంజ నొకటి వెలిగె నెందుకో యని యేడ్వ
స్కానరున్న వాఁడె సద్గురుండు

ప్రతిపదార్థము: గ్యాసు బండ = డిక్కీలో సగము మింగి, నిండినపుడు 200 బార్ల ఒత్తిడిని కడుపున దాచుకొను సీఎన్‌జీ సిలిండరును; పెట్టి = పెట్రోలు కారుకు రెండవ ఇంధనముగా బిగించి; కాసులు మిగులంగ = బంకు ఖర్చు తగ్గగా; మురిసినట్టి వేళ = గ్యాసు క్యూలో కరిగిన పొద్దును లెక్కింపక సంతోషించు సమయమున; మోమునందు = డ్యాష్‌బోర్డు మీద (యజమాని మోమని చెప్పినను అన్వయము చెడదు, అచటను రంగు మారును); ఇంజనొకటి = పసుపుపచ్చని ఇంజను బొమ్మ; వెలిగెన్ = వెలిగెను; ఎందుకో యని యేడ్వ = గ్యాసు కిట్టు బిగించినవాని ఫోను మోగుచునే యుండగా విలపింప; స్కానరున్న వాఁడె = స్టీరింగు క్రింది ఓబీడీ సాకెట్టున స్కానరు గుచ్చి లోపపు కోడు చదువువాడే; సద్గురుండు = మంచి గురువు. "ఏం కాదన్నా, నాలుగు రోజులు నడిపితే అదే పోద్ది" అనువాడు కాడని భావము.

తాత్పర్యము: కిట్టు పెట్టిన పిమ్మట దీపము వెలిగినచో భాగములు మార్చుటకు ముందు కోడు చదువవలెను. కోడు రాసుకొని, చెరిపి, కొన్నాళ్లు పెట్రోలు మీదనే నడుపవలెను. అప్పుడును వెలిగినచో రోగము కారుదే కావచ్చును. గ్యాసుకు మార్చగానే వెలిగినచో కిట్టును అనుమానింపవలెను.

విశేషములు: 1. ఇందు భ్రాంతిమదలంకారము. గ్యాసు మీద నడుచునపుడు పెట్రోలు ఇంజెక్టర్లు మూతపడును. ఆ సంగతి ఇంజను కంప్యూటరైన ఈసీయూకు తెలియకుండ ఎమ్యులేటరు అవి పనిచేయుచున్నట్లే భ్రమింపజేయును. భ్రమ చెదరినచో పీ0201 వంటి ఇంజెక్టరు కోడు పుట్టును.

2. కిలో పెట్రోలు కాలుటకు సుమారు 14.7 కిలోల గాలి చాలును, గ్యాసులోని మీథేనుకు 17.2 కిలోలు కావలెను. ట్యూనింగు కుదరకున్నను, సిలిండరు ఒత్తిడిని తగ్గించి పంపు రెడ్యూసరులో ఒత్తిడి పడిపోయినను, ఫిల్టరు పూడినను గ్యాసు చాలక ఆక్సిజన్ సెన్సరు మొరపెట్టును. అదే పీ0171.

3. పీ0300 అనగా మిస్‌ఫైరు. గ్యాసును అంటించుటకు గట్టి నిప్పురవ్వ కావలెను. పెట్రోలుతో నెట్టుకొచ్చిన ముసలి ప్లగ్గులు, కాయిళ్లు ఇచట బయటపడును.

శంక: దీపపు వైరు పీకిన చాలదా?
సమాధానము: చాలదు. కోడు ఈసీయూలో నిలిచియే యుండును. పైగా నిలకడగా వెలుగు దీపము కబురు, మిణుకుమను దీపము కేక. మిస్‌ఫైరు వలన కాలని ఇంధనము క్యాటలిటిక్ కన్వర్టరున మండి దానిని చెరచును. దీపము మిణుకుమన్నపుడు యాక్సిలరేటరు నుండి కాలు తీసి, పెట్రోలుకు మార్చి చూచి, అప్పటికిని మిణుకుమన్నచో బండి ఆపవలెను. గ్యాసు వాసన వచ్చినచో శాస్త్రచర్చ మాని, ఇంజను ఆపి, సిలిండరు వాల్వు మూసి, అందరు దిగవలెను.

ఫలశ్రుతి: ఈ పద్యము నిత్యము పఠించినను దీపము ఆరదు. పఠించినవానికి మాత్రము, బిల్లు కట్టుటకు ముందు "ఏ కోడు వచ్చినది?" అని అడుగు ధైర్యము కలుగును.