కల్లం చుట్టూ కరెంటు తీగ

మా మిరప కల్లం మీద చెయ్యి వేసినవాడు చచ్చినా ఫర్వాలేదనుకున్న మనిషిని నేను. ఊళ్లో ఎవరి ముందూ ఈ తప్పు ఒప్పుకోలేదు. మీకు చెబుతున్నానంటే, సొత్తు పోయిన ఏదో ఒక రాత్రి మీకూ ఆ ఊహ వచ్చే ఉంటుందన్న నమ్మకంతోనే.

మాది బూర్గంపాడు మండలం, అడవి అంచు ఊరు. వేసేది తేజ మిరప. ఎకరానికి లక్ష దాటి పెట్టుబడి పెట్టి, తామర పురుగుతో, నల్లితో పోరాడి పండించిన కాయ ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆరుబయట ఎర్రగా పరుచుకుని ఎండుతుంటుంది. కల్లానికి తలుపుండదు, తాళముండదు. ముందటేడు ఖమ్మం మార్కెట్‌కు తోలుదామని కుట్టి పెట్టిన బస్తాల్లో రెండు తెల్లారేసరికి మాయమయ్యాయి. పోయింది రెండే. నేను మాత్రం కొంపంతా దోచుకుపోయినట్టు కుమిలిపోయాను. ఊళ్లో ఎవరి మొహం చూసినా దొంగ మొహంలాగే కనబడింది.

స్టేషన్‌లో కాగితం ఇద్దామని ఇంటావిడ అంది. "రెండు బస్తాలకు స్టేషనేంది, నా సొత్తు నేను కాపాడుకోలేనా" అన్నాను. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. టీకొట్టు దగ్గర నలుగురి మధ్య "ఈసారి వచ్చినోడు తిరిగి పోడు" అని మీసం తిప్పాను. నలుగురిలో అనేశాక వెనక్కి తగ్గితే పరువు తక్కువనిపించింది. ఆ పరువు కోసమే చేశాను ఆ పని.

కల్లం చుట్టూ మూరెడెత్తు గుంజలు పాతి ఇనుప తీగ లాగాను. ఎండు వెదురు కర్రతో కొక్కెం ఎత్తి, పక్కన పోతున్న లైనుకు తగిలించాను. చిటుక్కుమని నీలి మెరుపు మెరిసింది. భయపడాల్సిన చోట నాకు ధైర్యం వచ్చింది. మంచె ఎక్కి హాయిగా పడుకున్నాను.

అవి ఇప్పపూల రోజులు. గూడేల్లోని కోయవాళ్లు చీకటితోనే బుట్టలు పట్టుకుని అడవికి పోతారు. రాత్రి రాలిన పువ్వును పశువులు ముట్టకముందే ఏరుకోవాలి. వాళ్ల బాట మా కల్లానికి దూరమే. కానీ ఆ రాత్రి అకాల వాన పడి బాట మీద నీళ్లు నిలిచాయి. తెల్లవారుజామున కళ్లు తెరిస్తే టార్చిలైట్లు వరసగా నేరుగా కల్లం మీదికే వస్తున్నాయి. దొంగలు దొరికారని ఒక్క క్షణం సంబరపడ్డాను. ఆ సంబరాన్ని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

అంతలో గాలిలో ఆడవాళ్ల మాటలు, ఓ పిల్లాడి నవ్వు. మంచె మీంచి దూకాను, కర్ర అందుకున్నాను, కర్ర తడిసి ఉంది, తడి కర్రతో లాగితే ముందు పోయేది నేనే, పట్టా కింద తడిమి ఇంకో కర్ర దొరికించుకుని "ఆగండి, అడుగెయ్యకండి" అని అరుస్తూ స్తంభం దగ్గరికి ఉరికాను, దొంగలని తరుముతున్నాననుకుని వాళ్లు చెల్లాచెదురయ్యారు, పిల్లాడు తీగ వైపే పరుగెత్తాడు. కొక్కెం ఊడిపడేసరికి వాడికీ తీగకూ మధ్య నాలుగడుగులు.

పెద్దావిడ ముందుకొచ్చింది. "ఏం బిడ్డా, మేమేం ఎత్తుకపోయినం?" అంది. నోరు పెగలక తీగ చూపించాను. ఆమె పిల్లాణ్ని దగ్గరికి లాక్కుంది. "ఈ కాయ కోసింది గూడ మేమే గదా" అంది. అంతే. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

తర్వాత కొత్తగూడెంలో తెలిసిన వకీలును అడిగాను. దొంగను అడ్డుకోవచ్చు, పట్టి పోలీసులకు అప్పగించవచ్చు, అవసరమైన మేరకే బలం వాడవచ్చు అన్నాడు. ప్రాణం తీసేదాకా పోయే హక్కు భారతీయ న్యాయ సంహిత 41వ సెక్షన్ ప్రకారం దోపిడీ, రాత్రిపూట ఇంటికి కన్నం, ఇంటికో గోదాముకో నిప్పు పెట్టడం, చావో తీవ్ర గాయమో తప్పదన్న భయం పుట్టించే దొంగతనం లాంటి వాటికే. బస్తా మోసుకుపోయేవాడి విషయంలో ఆ హక్కు లేదు. బిహార్‌లో ఒకాయన తన మరుగుదొడ్డికి ఇతరులు రాకుండా దారిలో కరెంటు తీగ పెడితే, పక్కింటావిడ తగిలి చనిపోయింది. ఆత్మరక్షణ అన్న అతని వాదనను 1963లో సుప్రీంకోర్టు కొట్టేసి శిక్ష ఖాయం చేసింది. పైగా లైనుకు కొక్కెం వేయడం 2003 విద్యుత్ చట్టం 135వ సెక్షన్ కింద దొంగతనమే, మూడేళ్ల దాకా జైలు. అంటే ఆ రాత్రి మా కల్లంలో దొంగ ఒకడున్నాడు, వాడు మంచె మీద పడుకున్నాడు.

తీగకు మనిషెవరో తెలియదు. 2024 ఫిబ్రవరిలో భూపాలపల్లి జిల్లా కాటారం అడవిలో జంతువుల కోసం పెట్టిన కరెంటు తీగ తగిలి గ్రేహౌండ్స్ పోలీసు కమాండో చనిపోయాడు. ఆయుధం పట్టి అడవిని ఎరిగినవాడికే తప్పనిది, బుట్ట పట్టుకున్న పిల్లాడికి తప్పుతుందా?

ఇప్పుడు పక్క కల్లాల వాళ్లం వంతులేసుకుని కాపలా ఉంటున్నాం. కుట్టిన బస్తా ఆ సాయంత్రమే ఇంటికి చేరుతుంది. పోతే ఫిర్యాదు ఇస్తాం. పందుల కోసమో దొంగల కోసమో మీ చేను చుట్టూ తీగ ఉంటే, లైన్‌మన్‌ను పిలిపించి ఈ పొద్దు గూకేలోగా తీయించేయండి. రేపటిదాకా ఆగకండి.