పావుగంట పుణ్యం

కమిషనింగ్ అనే మాట మన చెవిన పడితే కమీషనే వినిపిస్తుంది. చేసుకున్న అలవాటు! ముసలివాళ్ల, వికలాంగుల సంరక్షణ చూడాల్సిన కౌన్సిళ్లు ఇంగ్లండులో 153 ఉన్నాయి, ఆ సేవల్ని ‘కమిషనింగ్’ చెయ్యడం, అంటే అవసరం చూసి ఇంకొకళ్ల చేత చేయించడం, వాటి పని అని వినగానే, ‘అక్కడా ఎంత శాతమో’ అని ఆరా తీయబుద్ధవుతుంది. అపచారం. అక్కడివాళ్లు డబ్బు తినరు. నిమిషాలు తింటారు.

ఒకప్పుడు కౌన్సిల్ జీతం మీద పనిచేసే హోమ్ హెల్ప్ ఆవిడ ఇంటికొచ్చి, పని చక్కబెట్టి, నాలుగు కబుర్లు చెప్పి వెళ్లేది. 1990లో చట్టం వచ్చింది, 1993 ఏప్రిల్లో అమల్లో పడింది. కౌన్సిళ్లు సేవ చెయ్యడం తగ్గించి, సేవ కొనడం నేర్చుకున్నాయి. 2014 నాటి కేర్ యాక్ట్ ఇంకో మెట్టు ఎక్కించింది. దాని ఐదో సెక్షను ప్రకారం కొంటే చాలదు, సంరక్షణ అనే సంతనే కౌన్సిల్ తీర్చిదిద్దాలి. మన రైతుబజారులో ఒక పెద్దమనిషి గోంగూర కట్టకి గిట్టుబాటు ధర కూడా ఇవ్వకుండా, ‘నేను సంతను తీర్చిదిద్దుతున్నానమ్మా’ అంటే ఏమవుతుంది? గోంగూరమ్మి గంప ఎత్తుకుని పోతుంది. లేదా ఆ నష్టాన్ని పక్క బేరంలో రాబట్టుకుంటుంది. అక్కడ రెండూ జరిగాయి. ఆ చట్టానికి ముందే, 2011లో, సదరన్ క్రాస్ అనే అతిపెద్ద కేర్ హోముల కంపెనీ, అద్దెల భారానికి కౌన్సిళ్ల పిసినారి రేట్లు కూడా తోడై, కుప్పకూలింది. దాని హోముల్లో ఉన్న 30 వేల పైచిలుకు వృద్ధులు రేపెక్కడో తెలియక గుడ్లప్పగించారు. ఇక రెండోది: ఒకే హోములో, ఒకే సూప్ తాగుతూ, సొంత డబ్బు కట్టేవాళ్లు కౌన్సిల్ కట్టేదానికన్నా సగటున 41 శాతం ఎక్కువ కడుతున్నారని 2017లో పోటీ వ్యవహారాల సంస్థ లెక్క తేల్చింది.

కౌన్సిళ్ల చేతిలో చిల్లిగవ్వ లేదన్నది నిజమే. 2010 తర్వాత లండన్ నుంచి వచ్చే గ్రాంట్లకి కోత మీద కోత. 2023 సెప్టెంబరులో బర్మింగ్‌హామ్ అంతటి కౌన్సిలే చేతులెత్తేసింది. లేమి తప్పు కాదు. చిరుగుచీరకి జరీ అంచు కుట్టి పట్టుచీర అని చెబితేనే నాకు ఒళ్లు మండుతుంది. ‘బలాల ఆధారిత విధానం’ అని ఒకటుంది చూడండి. మీకు కూతురుందా? మంచి పక్కింటివాళ్లున్నారా? దగ్గర్లో చర్చి ఉందా? ఉంటే అవి మీ బలాలు. మీ బలం పెరిగినకొద్దీ మీకొచ్చే గంటలు తరుగుతాయి. కాస్త ఓపిక చేసుకుని ఒంటరిగా, బలహీనంగా ఉంటే తప్ప గిట్టుబాటు కాదు.

ఈ జరీ పనికి పత్రాలు బోలెడు. కమిషనింగ్ సైకిల్ అని ఒక గుండ్రటి బొమ్మ గీస్తారు: పరిశీలించు, ప్రణాళిక వెయ్యి, చెయ్యి, సమీక్షించు, మళ్లీ మొదలుపెట్టు. గానుగెద్దూ ఇలాగే తిరుగుతుంది, కాకపోతే అక్కడ చివరికి నూనె వస్తుంది. సేవలు వాడుకునేవాళ్లతో కలిసి రూపకల్పన అని ఇంకో ముచ్చట. పెద్దవాళ్లని పిలిచి, టీ బిస్కెట్లు ఇచ్చి, రెండు గంటలు అభిప్రాయాలు సేకరిస్తారు. రెండు గంటలంటే ఎనిమిది పావుగంటలు.

ఎందుకు పావుగంటల్లో లెక్కగడుతున్నానంటే, అక్కడి సంతలో కొలమానం అదే. మనకి సోల, తవ్వ ఎలాగో వాళ్లకి పదిహేను నిమిషాల విజిట్ అలాగ. ఎనభయ్యారేళ్ల ఆవిడని ఊహించుకోండి. కేర్ వర్కర్ వస్తుంది, గోడకున్న పెట్టె నంబరు నొక్కి తాళంచెవి తీస్తుంది, ఫోన్లో హాజరు వేస్తుంది. ఒక నిమిషం. గ్లవ్స్, పలకరింపు, ఒకటిన్నర. ఆవిడని లేపి కూర్చోబెట్టాలి. నాలుగు నిమిషాలు, ఎందుకంటే ఆవిడ మోకాళ్లు టెండరు పత్రం చదవలేదు. బాత్రూముకి నడవాలి, ఒళ్లు తుడవాలి, బట్టలు మార్చాలి, మాత్రలివ్వాలి, రొట్టె కాల్చాలి, అన్నీ రికార్డులో రాయాలి. మా అమ్మమ్మకైతే నీళ్లు వేడెక్కాయో లేదో వేలు ముంచి తేల్చుకోవడానికే పావుగంట పట్టేది.

ఒళ్లు కడిగి బట్టలు మార్చాల్సినవాళ్లకి పావుగంట తగదని కేర్ యాక్ట్ మార్గదర్శకాలే చెబుతున్నాయి. మామూలుగా అరగంటకి తగ్గొద్దని, సంరక్షణ ప్రమాణాలు చెప్పే నైస్ సంస్థ 2015లో చెప్పింది. మాత్ర వేసుకున్నారో లేదో చూసి రావడానికైతే ఫర్వాలేదట. ఆ సందులోంచే పావుగంట దర్జాగా నడిచొస్తుంది.

ఇంత చిన్న కొలతకి కూలీలు దొరకొద్దూ? 2022 ఫిబ్రవరిలో కేర్ వర్కర్లకి వీసా తలుపు తెరిచారు. మన దేశం నుంచి వేలమంది వెళ్లారు, ఏజెంట్లకి లక్షలు పోసి వెళ్లిన తెలుగు పిల్లలూ వాళ్లలో ఉన్నారు. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి వెళ్లే దారి ఖర్చు, సమయం చాలాచోట్ల ఎవరి లెక్కలోనూ లేదు. గాల్లో ఎగిరి వెళ్తారని కాబోలు. 2025 జులై 22న ఆ తలుపు మూసేశారు. మోకాళ్లు మాత్రం అలాగే ఉన్నాయి.

పైన లండన్ పెద్దల సంగతి మరీ ముచ్చట. జీవితకాలంలో ఒక మనిషి సంరక్షణకి తన జేబులోంచి కట్టే డబ్బుకి హద్దు పెడదామని 2011లో డిల్నాట్ కమిషన్ చెప్పింది. 72 వేల పౌండ్ల హద్దు 2016లో అన్నారు, వాయిదా వేశారు, వదిలేశారు. 86 వేల హద్దు 2023లో అన్నారు, 2025కి జరిపారు, 2024 జులైలో రద్దు చేశారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఇప్పుడు ఇంకో కమిషన్ కూర్చుంది, తుది నివేదిక 2028 నాటికట. మన ఎనభయ్యారేళ్ల ఆవిడ ఎదురుచూడవచ్చు.

ఈలోగా ఆవిడకి ఏటేటా కౌన్సిళ్లు పంపే సర్వే ఫారం వచ్చిందనుకోండి. మీకందుతున్న సేవలతో మొత్తం మీద ఎంత సంతృప్తిగా ఉన్నారు అని అందులో ప్రశ్న. కళ్లజోడు ఎక్కడ పెట్టిందో గుర్తు లేక, ‘అమ్మాయీ, ఇదేమిటో కాస్త చదివి పెడతావా’ అని అడుగుతుంది. ఆ అమ్మాయి ఫోను చూసుకుంటుంది. పద్నాలుగో నిమిషం. ఫారం చదవడం కేర్ ప్లాన్లో లేదు.